స్కూల్ అటెండెన్స్: హాజరు 90 శాతం ఉన్నా ఆ 8 మంది జారిపోతున్నారు.. హెచ్‌ఎంలకు అసలు కావాల్సిన సాయం ఏంటంటే..

ఉదయం ప్రార్థన అయిపోగానే ప్రతి ప్రభుత్వ బడిలో మొదలయ్యే పని హాజరు. ఎంతమంది వచ్చారో చూడాలి, యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనానికి ఎందరో వంట ఏజెన్సీకి చెప్పాలి. అంతటితో పని అయిపోయిందనుకుంటే పొరపాటే. లెక్క రాయడం వేరు, రాని పిల్లను మళ్లీ బడికి తెచ్చుకోవడం వేరు. మొదటి పనికి హెడ్‌మాస్టర్ల చేతిలో యాప్‌లు, రిజిస్టర్లు చాలానే ఉన్నాయి. రెండో పనికి మాత్రం చాలాచోట్ల వాళ్లు ఒంటరిగానే ఉన్నారు.

నాగాలు ఎందుకు ఎక్కువవుతాయి? 75 శాతం లెక్క వెనక అసలు సంగతేంటి? చట్టం ఏం చెబుతోంది? హెచ్‌ఎంకు ఎవరెవరు తోడు రావాలి? తల్లిదండ్రులు ఏం తెలుసుకోవాలి? పూర్తి వివరాలు ఇవే.

ముఖ్యాంశాలు

• క్లాసు సగటు బాగున్నా కొందరు పిల్లలు ప్రమాదంలో ఉండొచ్చు. పేరుపేరునా చూస్తేనే తెలుస్తుంది.
• 220 రోజుల బడిలో 75 శాతం హాజరంటే 55 రోజులు రానట్టే.
• నెలకు 2 రోజులు దాటి నాగా పెడుతున్న పిల్లపై వెంటనే దృష్టి పెట్టాలి.
• హాజరు బాధ్యత హెచ్‌ఎం ఒక్కరిదే కాదు. ప్రభుత్వానికి, స్థానిక సంస్థకు, తల్లిదండ్రులకూ చట్టంలో వాటా ఉంది.
• పని చేస్తున్న పిల్లలు, బాల్య వివాహం లాంటి విషయాలు కనిపిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు.

సగటు దాచే నిజం ఇదే..

ఒక చిన్న లెక్క చూద్దాం. క్లాసులో 40 మంది ఉన్నారు. నెలలో 20 రోజులు బడి జరిగింది. అంటే అందరూ రోజూ వస్తే మొత్తం 800 హాజర్లు పడాలి. ఆ నెలలో 32 మంది ఒక్కో రోజు మాత్రమే రాలేదు. మిగతా 8 మంది మాత్రం ఆరేసి రోజులు మానేశారు. మొదటి గుంపు నాగాలు 32, రెండో గుంపు నాగాలు 48. మొత్తం 80. అంటే క్లాసు హాజరు సరిగ్గా 90 శాతం!

రిపోర్టులో 90 అని కనిపించగానే ఎంఈఓ ఆఫీసులో ఎవరూ ఏమీ అడగరు. కానీ ఆ 8 మంది బడి రోజుల్లో 30 శాతం పోగొట్టుకున్నారు. భిన్నాలు మొదలుపెట్టిన రోజు లేరు, ముగించిన రోజు లేరు. తర్వాతి నెలలో క్లాసుకు వచ్చినా ఏం జరుగుతోందో అర్థం కాదు. అర్థం కాకపోతే బడంటే విసుగు, విసుగు పుడితే మళ్లీ నాగా. చాలామంది పిల్లలు బడి మానేసేది ఒక్కరోజులో కాదు. ఇలా మెల్లమెల్లగా జారిపోతారు.

అందుకే హాజరు చూసే పద్ధతే మారాలి. 'ఈరోజు ఎంత శాతం?' అన్న ప్రశ్న భోజనాల లెక్కకు పనికొస్తుంది. 'ఈ నెలలో ఎవరెవరు రాలేదు?' అన్న ప్రశ్నే పిల్లలకు పనికొస్తుంది.

దేశం మొత్తం మీద పరిస్థితి కూడా తేలికగా తీసుకునేది కాదు. గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సర్వే రోజున సగటు విద్యార్థి హాజరు 2018లో 72.4 శాతం, 2024లో 75.9 శాతమని అసర్ నివేదికలు చెబుతున్నాయి. మెరుగుపడిన మాట నిజమే. అయినా బడిలో పేరున్న నలుగురిలో దాదాపు ఒకరు ఆరోజు క్లాసులో లేరన్నమాట.

75 శాతం దాటితే చాలా? అసలు లెక్క ఏంటంటే..

మన దగ్గర హాజరు అనగానే అందరికీ గుర్తొచ్చే అంకె 75. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలు రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యం, జాతీయ స్థాయి క్రీడల్లాంటి కారణాలుంటే పత్రాలు చూపించి మినహాయింపు కోరొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మ ఒడికి, 2025 జూన్‌లో అమల్లోకి వచ్చిన తల్లికి వందనానికి కూడా 75 శాతం నిబంధనే పెట్టారు. తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి 15 వేలు కేటాయించి, తల్లి ఖాతాలో 13 వేలు వేశారు. మిగతా 2 వేలు బడి నిర్వహణకు ఉంచారు.

డబ్బు హాజరుతో ముడిపడితే ఇళ్లలో బడి గురించి మాట్లాడుకోవడం పెరుగుతుంది. అది మంచిదే. కానీ ఇక్కడే ఒక చిక్కుంది. 75 అనేది పథకానికీ, పరీక్షకూ గీసిన గీత. చదువు సాగడానికి అది సరిపోదు. 6 నుంచి 8 తరగతులకు ఏడాదిలో కనీసం 220 రోజులు బడి నడపాలని విద్యా హక్కు చట్టం చెబుతోంది. 1 నుంచి 5 తరగతులకైతే 200 రోజులు. 220లో 75 శాతమంటే 165 రోజులు. అంటే 55 రోజులు పోయినా పిల్ల 'అర్హురాలే'. నెలకు 22 పనిదినాల చొప్పున చూస్తే అది రెండున్నర నెలల చదువు!

అమెరికా లాంటి చోట్ల వేరే గీత పెట్టుకున్నారు. ఏడాదిలో 10 శాతం రోజులు మానేసినా ఆ పిల్లను దీర్ఘకాలిక గైర్హాజరు జాబితాలో చేర్చి చూస్తారు. కోవిడ్ తర్వాత 2021-22లో అక్కడ నలుగురిలో ఒకరికి పైగా ఈ జాబితాలోకి వచ్చారు. వాళ్ల కొలత మనకూ పనికొస్తుంది. 220 రోజుల్లో 10 శాతమంటే 22 రోజులు. నెలకు సుమారు 2 రోజులు. గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక.. నెలకు రెండు రోజులు దాటితే ఆ పేరు హెచ్‌ఎం డైరీలోకి రావాలి.

చట్టం ఎవరి మీద బాధ్యత పెట్టింది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. హాజరుకు సంబంధించి అందులో తెలుసుకోవాల్సినవి ఇవి..

సెక్షన్ 8, 9: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు బడిలో చేరడం, రోజూ రావడం, ఎనిమిదో తరగతి దాకా చదువు పూర్తి చేయడం.. ఈ మూడింటినీ చూసుకోవాల్సింది ప్రభుత్వం, స్థానిక సంస్థలు. చేర్చుకోవడంతో బాధ్యత తీరిపోదు.

సెక్షన్ 10: పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి.

సెక్షన్ 24: టీచర్లు సమయానికి, క్రమం తప్పకుండా బడికి రావాలి. తల్లిదండ్రులతో తరచూ సమావేశమై పిల్ల హాజరు ఎలా ఉంది, ఎంతవరకు నేర్చుకుంటోంది అన్నది చెప్పాలి.

సెక్షన్ 16: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి వెళ్లగొట్టకూడదు.

సెక్షన్ 17: కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. రాలేదని గుంజీలు తీయించడం, ఎండలో నిలబెట్టడం కూడా తప్పే.

సెక్షన్ 5: వేరే ఊరికి వెళ్లిన పిల్లకు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు.

సెక్షన్ 21: బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి.

ఇన్ని సెక్షన్లు చూశాక ఒక మాట తేలిపోతుంది. హాజరు తగ్గిందని హెచ్‌ఎంను ఒక్కరినే నిలదీసి వదిలేస్తే చట్టం ఉద్దేశం నెరవేరదు.

పిల్లలు ఎందుకు రావట్లేదు? ఊరిని బట్టి కారణం మారుతుంది..

'తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు' అని తేల్చేయడం చాలా సులువు. కానీ కారణం తెలియకుండా మందు వేయలేం. తెలుగు రాష్ట్రాల్లోనే ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఉంటుంది.

వలస: కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు వైపు మిర్చి కోతలకు వెళ్తాయి. ఇంటికి తాళం పడితే పిల్లలూ వెంట వెళ్లాల్సిందే. ఉమ్మడి మహబూబ్‌నగర్ పల్లెల నుంచి ముంబై, పుణె దాకా వలసలు తెలిసిన కథే. అటు ఒడిశాలోని బొలంగీర్ వైపు నుంచి ఇటుక బట్టీల పనికి తెలంగాణకు, పెద్దపల్లి లాంటి జిల్లాలకు వచ్చే కుటుంబాల పిల్లలది ఇంకో చిక్కు. వాళ్లకు తెలుగు రాదు, ఇక్కడి బడిలో ఒడియా ఉండదు.

సీజన్ పనులు: జోగులాంబ గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి సాగు ఎక్కువ. పూలకు క్రాసింగ్ చేసే రోజుల్లో చిన్న చేతులకు గిరాకీ. ముఖ్యంగా ఆడపిల్లలు బడి మానేసి చేలకు వెళ్లడం అక్కడ ఏళ్లుగా ఉన్న సమస్య. 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరమని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం చెబుతోంది. సొంత ఇంటి పనికి సాయం చేయొచ్చు గానీ, అదీ బడి వేళలు అయిపోయాకే, లేదంటే సెలవుల్లోనే.

ఇంటి బాధ్యత: అమ్మ ఉపాధి పనికి వెళ్తే చంటిపిల్లను ఎవరు చూసుకోవాలి? ఇంట్లో పెద్ద ఆడపిల్ల ఉంటే ఆ భారం ఆమె మీదే పడుతుంది. ఊళ్లో అంగన్‌వాడీ సమయానికి తెరిస్తే ఈ నాగాల్లో చాలావరకు తగ్గుతాయి. అంటే ఐదో తరగతి పిల్ల హాజరు తాళంచెవి ఒక్కోసారి అంగన్‌వాడీ దగ్గర ఉంటుంది!

దారి: అల్లూరి సీతారామరాజు జిల్లా లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో వానాకాలం గెడ్డ పొంగితే బడికి దారే ఉండదు. మైదానంలోనూ ఊళ్లో ఐదో తరగతితో బడి ఆగిపోయి, హైస్కూలు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆరో తరగతిలో నాగాలు మొదలవుతాయి. బస్సు టైము మారినా హాజరు మారిపోతుంది.

ఆరోగ్యం: జ్వరాలు, గజ్జి, రక్తహీనత, పంటి నొప్పి.. చూడ్డానికి చిన్నవే. నెలసరి రోజుల్లో టాయిలెట్‌లో నీళ్లు లేకపోతే, తలుపుకు గడియ లేకపోతే ఆడపిల్లలు ఇంటి దగ్గరే ఉండిపోతారు. రిజిస్టర్‌లో మాత్రం 'అనారోగ్యం' అని పడుతుంది.

బడే కారణమైతే: దెబ్బలు, అవహేళన, తోటి పిల్లల వేధింపులు, టీచర్ లేని సబ్జెక్టు, అర్థంకాని పాఠం. ఈ కారణాన్ని ఏ తల్లీ హెచ్‌ఎం ముఖాన చెప్పదు. 'పొద్దున్నే కడుపునొప్పి అంటోంది సార్' అని మాత్రం చెబుతుంది. సెలవు రోజున కడుపునొప్పి రాదని గమనిస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

గీత దాటిన రోజే కదలాలి.. రోజుల వారీగా ఏం చేయొచ్చు?

కింది మెట్లు ప్రభుత్వ నిబంధనలు కావు. ఏ బడైనా తన వీలును బట్టి పెట్టుకోదగ్గ గుర్తులు.

మొదటి రోజు: క్లాస్ టీచర్ పక్క పిల్లల్ని అడగాలి. ఆ వీధి పిల్లలకు అన్నీ తెలుసు. 'వాళ్లమ్మమ్మ ఊరెళ్లింది సార్' అన్న మాట చాలు, ఫోన్ అవసరమే ఉండదు.

వరుసగా 3 రోజులు: బడి నుంచి ఫోన్ వెళ్లాలి. నంబరు కలవకపోతే అదే వీధిలో ఉండే కమిటీ సభ్యురాలికి చెప్పాలి.

నెలలో 4, 5 రోజులు: ఇంటికి వెళ్లాలి. తిట్టడానికి కాదు, చూసి రావడానికి. ఇల్లు చూస్తే సగం కారణం అక్కడే కనిపిస్తుంది. వచ్చాక ఒక్క లైను రాసి పెట్టాలి.

10 రోజులు దాటితే: బడి ఒక్కటే చేయగలిగింది కాదు. క్లస్టర్ సిబ్బందికి, ఎంఈఓకు, సచివాలయానికి లేదా పంచాయతీకి రాతపూర్వకంగా చెప్పాలి. వలసైతే పిల్ల ఎక్కడికి వెళ్లిందో కనుక్కోవాలి.

రిజిస్టర్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటే చాలు. పేరు, ఎన్ని రోజులు, కారణం, ఎవరు మాట్లాడారు, ఏం తేలింది.. ఐదు గళ్లు. కారణం గడిలో 'ఆరోగ్యం, పని, వలస, ఇల్లు, దారి, బడి' అని ఆరు మాటల్లో ఒకటి రాస్తే నెలాఖరుకు బొమ్మ కనిపిస్తుంది. 12 మందిలో 7 మందికి 'దారి' అని పడిందంటే ఆ హెచ్‌ఎం తిరగాల్సింది ఏడు ఇళ్లు కాదు, ఒక్క ఆర్టీసీ డిపో!

ఫోన్‌లో ఎలా మాట్లాడాలి?

'మీ అమ్మాయి ఎందుకు రావట్లేదు? డబ్బులు ఆగిపోతాయి తెలుసా?' అని మొదలుపెడితే అవతలివాళ్లు ఏదో ఒక అబద్ధం చెప్పి పెట్టేస్తారు. ఇలా అడిగి చూడండి..

'నమస్తే అమ్మా, బడి నుంచి హెడ్‌మాస్టర్‌ను మాట్లాడుతున్నా. పాప మూడు రోజులుగా కనిపించలేదు, ఒంట్లో బాగానే ఉందా? ఈ మూడు రోజుల్లో లెక్కల్లో కొత్త పాఠం మొదలైంది. రేపు వస్తే టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్తారు. మా వల్ల ఏమైనా కావాలంటే చెప్పండమ్మా.'

ఇందులో మూడు సంగతులున్నాయి. పాప లేని లోటు బడి గమనించింది. ఎంత చదువు పోయిందో చెప్పింది. తిరిగొస్తే తిట్లు ఉండవని భరోసా ఇచ్చింది. మూడోదే ముఖ్యం. పది రోజుల తర్వాత వచ్చిన పిల్లను 'ఓహో.. దయచేశారా!' అని క్లాసు ముందు వెటకారం చేస్తే, ఆ పిల్ల మర్నాడు మళ్లీ రాదు.

ఎక్కడ ఏం పనిచేసింది?

మధ్యాహ్న భోజనం: ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి అమలైంది. కేంద్ర పథకం పేరు 2021లో పీఎం పోషణ్ అయింది. ఏపీలో ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. పేదింటి పిల్లల్ని రోజూ బడికి రప్పించడంలో దీనికి పెద్ద పాత్ర ఉంది. అన్నం బాగోలేని రోజు మర్నాటి హాజరు ఎలా ఉంటుందో ఏ హెచ్‌ఎంను అడిగినా చెబుతారు.

సీజనల్ హాస్టళ్లు: తల్లిదండ్రులు వలస వెళ్లే నెలల్లో పిల్లలు సొంత ఊళ్లోనే, సొంత బడిలోనే ఉండేలా సమగ్ర శిక్షా కింద వీటిని నడుపుతారు. కర్నూలు పడమటి మండలాలకు ఇవి ప్రాణం. అయితే కుటుంబాలు బయలుదేరాక తెరిస్తే ప్రయోజనం లేదు. ఎవరు ఎప్పుడు వెళ్తారో గత ఏడాది నాగాల పుస్తకం చూస్తే ముందే తెలుస్తుంది. హెచ్‌ఎం ఇచ్చే ఆ జాబితా ఎంఈఓ ఆఫీసుకు వలస మొదలవకముందే చేరాలి.

ఎంవీ ఫౌండేషన్ అనుభవం: రంగారెడ్డి జిల్లాలో 1991లో బాల కార్మికులతో ఈ సంస్థ పని మొదలుపెట్టింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాల కార్మికురాలిగానే చూడాలన్నది వాళ్ల వాదన. పనిలోంచి వచ్చిన పిల్లల్ని నేరుగా క్లాసులో కూర్చోబెట్టకుండా ముందు బ్రిడ్జ్ క్యాంపుల్లో చదువు నేర్పించి, తర్వాత వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. విద్యా హక్కు చట్టంలోనూ ఇలాంటి పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఉంది.

కస్తూర్బా విద్యాలయాలు: 2004లో మొదలైన ఈ ఆవాస బడులు మధ్యలో చదువు ఆపేసిన ఆడపిల్లలకు పెద్ద ఆసరా. ఇంటి దగ్గర ఉంటే చదువు సాగదని తేలిన పిల్లకు ఇది దారి చూపొచ్చు.

తల్లిదండ్రుల సమావేశాలు: ఏపీలో 2024 డిసెంబర్ 7న, 2025 జూలై 10న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. ఇలాంటివి జరిగినప్పుడు ప్రతి తల్లి చేతికీ తన పిల్ల నాగాల చీటీ ఇస్తే సభ ఫలితం ఇంటిదాకా వెళ్తుంది.

యాప్‌లు ఎంతవరకు పనికొస్తాయి?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో పిల్లల హాజరును ముఖ గుర్తింపు యాప్‌తో తీసుకుంటున్నారు. 2025 ఆగస్టు నుంచి టీచర్లకూ ఇదే పద్ధతి వచ్చింది. ఏపీలో వేర్వేరు యాప్‌ల పనులను లీప్ యాప్‌లోకి తెచ్చారు. దేశవ్యాప్తంగా యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ శాశ్వత నంబరు ఉంటుంది. ఒక బడి నుంచి వెళ్లి ఇంకో బడిలో చేరని పేర్లు అందులో డ్రాప్‌బాక్స్‌లో మిగిలిపోతాయి.

వీటితో లాభం లేకపోలేదు. బోగస్ హాజరు తగ్గుతుంది, లెక్క పైదాకా వెంటనే వెళ్తుంది, వలస వెళ్లిన పిల్ల జాడ దొరుకుతుంది. కానీ యాప్ చేసేది ఫొటో తీయడం వరకే. గద్వాల చేలో ఉన్న పిల్లను అది బడికి తేలేదు. పైగా సిగ్నల్ లేని ఊళ్లో టీచర్ ఫోన్ పట్టుకుని డాబా ఎక్కితే మొదటి పీరియడ్‌లో సగం పోతుంది.

ఇంకో సంగతి.. పైనుంచి ఎప్పుడూ 'శాతం ఎందుకు తగ్గింది?' అన్న ప్రశ్నే వస్తుంటే, కింద నుంచి ఎప్పుడూ మంచి శాతమే వెళ్తుంది. పిల్లల సంఖ్య తగ్గితే టీచర్ పోస్టు పోతుందన్న భయం ఉంటే, ఊరు వదిలి వెళ్లిన పిల్ల పేరు కూడా రిజిస్టర్‌లో అలాగే ఉండిపోతుంది. నిజం రాసిన హెచ్‌ఎంకు మెమో వస్తే ఆ తర్వాత ఎవరూ నిజం రాయరు. పిల్లల ఫొటోలు, వివరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నాగాల జాబితాను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడమంటే ఆ ఇంటిని బజారున నిలబెట్టడమే.

హెచ్‌ఎంకు ఎవరు తోడు రావాలి?

క్లాస్ టీచర్: పేరుపేరునా జాబితా, మొదటి పలకరింపు.

బడి కమిటీ తల్లులు: వీధికి ఒకరు చొప్పున బాధ్యత తీసుకోవచ్చు. హెచ్‌ఎం చెప్పేదానికంటే పక్కింటి తల్లి చెప్పే మాటకు బలం ఎక్కువ.

క్లస్టర్ సిబ్బంది, ఎంఈఓ: పది రోజులు దాటిన పేర్లపై చర్య. సీజనల్ హాస్టల్, ప్రత్యేక శిక్షణ, కస్తూర్బాలో సీటు లాంటివి ఈ స్థాయిలోనే కదులుతాయి.

ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త: 'ఆరోగ్యం' అని పడిన పేర్లు వీళ్ల చేతికి వెళ్లాలి.

సచివాలయం, పంచాయతీ: ఏపీ గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులు ఉన్నారు. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి. నీళ్లు, టాయిలెట్, దారి, వీధి కుక్కల సమస్య.. ఇవన్నీ వీళ్ల పరిధిలోవే.

కార్మిక శాఖ, పోలీసులు, చైల్డ్ హెల్ప్‌లైన్: పిల్ల కూలి పనిలో ఉందని, పెళ్లి చేయబోతున్నారని తెలిస్తే హెచ్‌ఎం ఒక్కరే వెళ్లి గొడవ పడాల్సిన పనిలేదు. 1098 ఉంది. తెలంగాణలో పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నిర్వహిస్తారు.

అధికారుల వైపు నుంచి కావాల్సింది పెద్దదేమీ కాదు. నెలకోసారి సమీక్షలో 'ఎంత శాతం?' అన్నదానికి ముందు 'ఏ పిల్లల విషయంలో మీకు సాయం కావాలి?' అని అడగాలి. ఇంటికి వెళ్లిన సమయాన్ని డ్యూటీగా లెక్కించాలి. ఏకోపాధ్యాయ బడిలో టీచర్ ఊళ్లోకి వెళ్తే క్లాసు ఖాళీ. అక్కడ తప్పనిసరిగా వేరొకరు వెళ్లాలి. రాసి పంపిన పది పేర్లకు పదిహేను రోజుల్లో ఏదో ఒక జవాబు రావాలి. జవాబు రాని జాబితాను ఏ హెచ్‌ఎం కూడా మూడోసారి రాయరు.

తల్లిదండ్రుల సందేహాలు.. జవాబులు

ప్రశ్న: 75 శాతం ఉంటే మా బాబుకు ఇబ్బంది లేదు కదా?
జవాబు: పథకాలకు, పరీక్షకు ఇబ్బంది లేకపోవచ్చు. చదువుకు మాత్రం ఇబ్బందే. నెలకు రెండు రోజులు దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: రెండు నెలలు పనికి వేరే జిల్లాకు వెళ్తున్నాం. ఏం చేయాలి?
జవాబు: బయలుదేరే ముందే హెచ్‌ఎంకు చెప్పండి. సీజనల్ హాస్టల్ ఉందేమో కనుక్కోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లక తప్పకపోతే వెళ్లిన ఊళ్లోని ప్రభుత్వ బడిలో చేర్పించండి. టీసీ చేతిలో లేదని చేర్చుకోకుండా ఉండకూడదు.

ప్రశ్న: చాలా రోజులు రాలేదని మా పాప పేరు తీసేస్తామంటున్నారు. తీసేయొచ్చా?
జవాబు: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా వెళ్లగొట్టే వీల్లేదు. బడికి వెళ్లి మాట్లాడండి. కుదరకపోతే ఎంఈఓకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: రోజూ పొద్దున్నే బడికి వెళ్లనని ఏడుస్తున్నాడు. కొట్టి పంపాలా?
జవాబు: వద్దు. క్లాసులో ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఏ పీరియడ్ అంటే భయం, దారిలో ఏమైనా ఇబ్బందా అని మెల్లగా అడగండి. తర్వాత టీచర్‌తో విడిగా మాట్లాడండి.

ప్రశ్న: జాతర, పెళ్లిళ్లకు రెండు మూడు రోజులు మానిపిస్తే తప్పా?
జవాబు: ఒకసారైతే ఫర్వాలేదు. ముందుగా టీచర్‌కు చెప్పి, పోయిన పాఠం ఏంటో కనుక్కోండి. ప్రతి నెలా ఏదో ఒక ఫంక్షన్ అంటే మాత్రం ఏడాదికి నెల రోజుల చదువు పోతుంది.

ఈ నెలలోనే ఇలా మొదలుపెట్టండి..

హెచ్‌ఎంలు చేయాల్సింది ఒక్కటే. ఈ నెల రిజిస్టర్ తీసి, రెండు రోజుల కంటే ఎక్కువ నాగా పెట్టిన పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. చాలా బడుల్లో అది ఒక్క పేజీకి మించదు. అందులో మొదటి ఐదు పేర్లకు ఈ వారమే కారణం కనుక్కోండి. తల్లిదండ్రులైతే ఈ నెలలో తమ పిల్ల ఎన్ని రోజులు బడికి వెళ్లలేదో టీచర్‌ను అడగండి. అది మీ హక్కు. చెప్పడం వాళ్ల విధి.

మీ వీధిలో బడి వయసు పిల్ల పనికి వెళ్తున్నట్టు కనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. కాల్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది.